నూట పదకొండో కవరు

మే 24, 1994. మంగళవారం

ఇవాళ కోర్టులో రెండు కవర్లు తెరిచాను. నూట పదకొండు, నూట పన్నెండు. ఒకదాంట్లో ఆకుపచ్చ చీటీ, ఒకదాంట్లో తెల్లది. అంతా సవ్యంగా జరిగింది.

సవ్యంగా అని రాసి పావుగంటైంది. కాఫీ చల్లారిపోయింది. ఎవరూ చదవని ఈ పుస్తకంలో కూడా బొంకితే నా అంత పిచ్చిది ఉండదు. రాసేస్తాను.

పొద్దున కోర్టు వరండాలో ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. ఒడెస్సా గేథర్స్. కోళ్ళ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి అటునుంచి అటే వచ్చినట్టుంది, బూట్లకు ఇంకా ఈకలు అంటుకుని ఉన్నాయి. కొడుకు లమార్, పదహారేళ్ళు. చిన్నాన్న కొడుకులతో కలిసి ఎవరి కారో తోలుకుపోయి కాలవలో దింపాడు.

"కవర్లు మీ దగ్గరే ఉంటాయంట కదా, మిస్ మావిస్?"

"ఉంటాయండీ. లోపలేముందో నాకూ తెలీదు."

"ఆకుపచ్చొస్తే మిలటరీ క్యాంపులో మూణ్ణెల్లు. తెల్లదొస్తే ఆ స్కూల్లో ఏడాదిన్నర. అంతేనా?"

"అంతే."

"ఇదేం న్యాయమమ్మా? పిల్లల బతుకులా, లాటరీ టిక్కెట్లా?"

మా అధ్యయనం మొదలైన ఈ రెండేళ్ళుగా తల్లులందరికీ వల్లించే పాఠమే ఆవిడకీ వల్లించాను. క్యాంపు మంచిదో, రాష్ట్రం వాళ్ళ శిక్షణ స్కూలు మంచిదో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టే చీటీ. మనమే ఏరితే బుద్ధిమంతులంతా ఒకవైపు చేరిపోతారు, చివరికి ఏది మేలు చేసిందో ఏనాటికీ తేలదు. జడ్జీ కూడా చీటీ ఎలా వస్తే అలాగే పంపుతానని సంతకం పెట్టాడు.

ఆవిడ చివరిదాకా విన్నది. "మీకు తెలీదు, సరే. నాకు తెలుసు. ఆ స్కూలుకెళ్ళొచ్చిన మా తమ్ముడు మళ్ళీ మనిషి కాలేదు. మీకు పిల్లలున్నారా?"

"లేరు."

"అయితే మీకేం చెప్పనులే," అని నా చెయ్యి వదిలేసింది.

కోర్టు పక్కగదిలో ఒక్కదాన్నే కూర్చుని, లమార్ వంతు నూట పదకొండు విప్పాను. తెల్లది. గుమాస్తా ఎదురుగా, ఒక్కొక్క కుర్రాడి పేరు పిలిచాక ఒక్కొక్కటే విప్పాలి. ఆ నియమం రాసిందాన్ని నేనే. నూట పన్నెండు కూడా విప్పాను. ఆకుపచ్చ. అది కోడీ స్ట్రిక్‌లండ్‌ది. పదిహేడేళ్ళవాడు, సిగరెట్ల కొట్టు తలుపు పగలగొట్టాడు. వాడితో ఎవరూ రాలేదు. అమ్మా రాలేదు, నాన్నా రాలేదు, బెంచీ మీద ఒక్కడే గోళ్ళు కొరుక్కుంటున్నాడు. అందుకే సులువైంది.

ఆ చీటీ ఈ కవర్లో, ఈ చీటీ ఆ కవర్లో పెట్టి అంటించాను. గుమాస్తా ఎదురుగా మళ్ళీ చింపాను. జడ్జీ చదివాడు. ఒడెస్సా "ప్రభువా, నీకు స్తోత్రం!" అని పెట్టిన కేకకు కోర్టు బంట్రోతు సైతం నవ్వాడు. కోడీ భుజాలెగరేసి ఊరుకున్నాడు.

నూటిరవై మందిలో ఒక్క జత. లెక్కలో ఇది చీమ తలకాయంత.

మే 25

నిద్ర బాగానే పట్టింది.

జూన్ 14. మంగళవారం

నెలవారీ పరిశీలనకు క్యాంపుకు వెళ్ళాను. పైన్ చెట్ల మధ్య ఎర్రమట్టి మైదానం, రేకుల షెడ్లు. గుండ్లు కొట్టించుకున్న కుర్రాళ్ళు దుంగలు భుజాన వేసుకుని పరిగెడుతున్నారు. సార్జెంట్ మిమ్స్ నాకు కుర్చీ వేయించి, తియ్యటి ఐస్ టీ తెప్పించాడు. నాతో మాట్లాడుతూనే మధ్యమధ్య అటు తిరిగి అరుస్తాడు.

"ఏరా బంగారుకొండా! దుంగ మోస్తున్నావా, పెళ్ళికూతుర్ని ఎత్తుకున్నావా? కాళ్ళు లేపు!"

మళ్ళీ నా వైపు తిరిగి, "టీలో పంచదార చాలా మేడమ్?" అంటాడు.

లమార్‌తో ఐదు నిమిషాలిచ్చారు. ఇక్కడ కుర్రాళ్ళు 'నేను' అనకూడదు. తమ గురించి తాము ఎవరో మూడో మనిషి గురించి చెప్పినట్టు చెప్పుకోవాలి.

"ఈ ట్రైనీ బాగున్నాడు మేడమ్."

"నా దగ్గర అలా మాట్లాడనక్కర్లేదు నాన్నా."

"మాట్లాడాలి మేడమ్. సార్జెంట్ గారు ఇటే చూస్తున్నారు." పెదాలు కదపకుండా, "మా అమ్మ చెప్పింది మేడమ్, మీరు చెయ్యి పట్టుకోనిచ్చారంట," అన్నాడు. ఒక్క క్షణం నవ్వాడు. ముందు పళ్ళ మధ్య సందుంది వాడికి.

ఫారంలో ఇరవై రెండో ప్రశ్న, ఆరోగ్య ఫిర్యాదులు. "ఈ ట్రైనీకి నాలుగు రోజులుగా పిక్కలు పట్టేస్తున్నాయి. మూత్రం నల్లటీ రంగులో వస్తోంది మేడమ్."

మిమ్స్‌ని అడిగాను. "మొదటి నెలంతా ఇదే పాట మేడమ్. వీళ్ళకి ఏడుపు కూడా ఒక రోగమే. నీళ్ళు తాగమంటే తాగి చావరు," అన్నాడు.

'కండరాల నొప్పి, సాధారణం' అని రాసుకున్నాను. మిమ్స్ దుర్మార్గుడేం కాదు. తన కొడుకు ఫొటో కూడా చూపించాడు.

జూన్ 30

శిక్షణ స్కూలుకు వెళ్ళి కోడీని చూడాల్సిన రోజు. ఒంట్లో బాగాలేదని హోలిస్‌ని వెళ్ళమన్నాను. ప్రాజెక్టు పెద్ద ఆయనే కదా, ఎప్పుడైనా తిరగాలి. సాయంత్రానికి ఫోను చేశాడు: "నీ స్ట్రిక్‌లండ్‌కి రెండు పళ్ళు ఊడాయి మావిస్. భోజనాల దగ్గర ఎవడో ట్రేతో కొట్టాడట. మిగతా అంతా మామూలే."

చూశావా! లమార్‌కి తప్పించాను. ఈ మాట ఎవరికీ చెప్పుకోలేకపోవడమే బాధ.

జూలై 19. మంగళవారం

క్యాంపు నుంచి ఫోను. లమార్ గేథర్స్.

జూలై 20

రెండో కాగితం ఇది. మొదటిది చింపేశాను.

బయటికి రావద్దని రేడియోలో రెండు రోజులుగా చెబుతున్న ఎండ. మధ్యాహ్నం పరుగులో మూడో చుట్టుకు పడిపోయాడు. మిమ్స్ నటననుకున్నాడు. బకెట్టు నీళ్ళు కొట్టించి, చంకల కింద చేతులేసి నిలబెట్టించాడు. మళ్ళీ పడ్డాడు. పక్కవాడు ఇచ్చిన వాంగ్మూలం హోలిస్ చదివి వినిపించాడు: "'ఈ ట్రైనీ లేవలేకపోతున్నాడు సార్' అన్నాడు. సార్జెంట్ గారు 'ఈ ట్రైనీ ప్రయత్నించడం లేదు' అన్నారు. తర్వాత వాడేం అనలేదు." అంబులెన్సును పిలిచేసరికి నలభై నిమిషాలైంది.

మూత్రం నల్లగా వస్తోందని నాకు చెప్పాడు. నాకు చెప్పాడు. నేను సాధారణం అని రాశాను.

జూలై 23. శనివారం

చర్చిలో చోటు లేదు, గోడవారన నిలబడ్డాను. అందరి చేతుల్లో అట్ట విసనకర్రలు. పాస్టరు చాలాసేపు చెప్పాడు. నాకు ఒక్క మాటా ఎక్కలేదు, శవపేటిక మీది తెల్లపూల వైపే చూస్తూ ఉన్నాను.

బయట ఒడెస్సా నన్ను చూసి వచ్చి కావలించుకుంది. నేనే ఏడ్చాను, ఆవిడ ఏడవలేదు.

"ఊరుకో తల్లీ. ఎవరి చేతిలో ఏముంది? దేవుడు తీసిన చీటీ."

జూలై 24

నూట పదకొండు తెలుపు. నూట పన్నెండు ఆకుపచ్చ.

ఆ స్కూల్లోనూ పిల్లలు చచ్చిపోతారు. మూడేళ్ళ కిందట ఒకడు ఉరేసుకున్నాడు. అక్కడికి వెళ్ళి ఉంటే లమార్ బతికేవాడని ఎవరు చెప్పగలరు? ఎవరూ చెప్పలేరు. అదే కదా నేను తల్లులందరికీ చెప్పేది.

నూట పదకొండు తెలుపు.

ఆగస్టు 9

హోలిస్ గదిలో మీటింగు. తలుపు వేసుకున్నాడంటేనే అర్థమైంది.

"గేథర్స్ కేసు ఎక్కడ వేద్దాం?"

"ఎక్కడ వేయడమేమిటి? క్యాంపుకు పంపిన అరవై మందిలో ఒకడు."

"పూర్తి చెయ్యలేదుగా. తొంభై రోజులు పూర్తి చేసినవాళ్ళనే లెక్కలోకి తీసుకుందాం. పారిపోయినవాళ్ళు, ఒళ్ళు బాగాలేక పోయినవాళ్ళు, క్రమశిక్షణ లేదని వెనక్కి పంపినవాళ్ళు, అందరినీ పేజీ అడుగున ఒక నోట్‌లో వేసేస్తాం. ఇతను కూడా 'వైద్య కారణాలు'."

"అరవైలో పందొమ్మిది మంది పోతారు హోలిస్. మిగిలిన నలభై ఒక్క మందీ గట్టివాళ్ళు. తాలంతా తూర్పారబట్టేసి మిగిలిన గింజలు చూపించి పంట బ్రహ్మాండంగా పండిందన్నట్టుంటుంది."

"మావిస్, శాసనసభ కమిటీ క్యాంపులు ఇంకో రెండు తెరవాలనుకుంటోంది. పిల్లలు వరసలో నిలబడి సెల్యూట్ కొడుతుంటే వాళ్ళకి ఎంత ముచ్చటో నీకు తెలుసు. వచ్చే ఏడాది మన ప్రాజెక్టు ఉండాలా వద్దా?"

నేను గట్టిగా దెబ్బలాడాలి. మామూలుగానైతే బల్ల గుద్దేదాన్ని. కానీ లమార్ లెక్కలోంచి పోతే నూట పదకొండో కవరు ఫైలు ఇంక ఎవరూ తియ్యరు. ఆ సంగతి నాకు అక్కడే తట్టింది.

"ఆలోచిద్దాం," అన్నాను. సిగ్గులేని ముండని.

సెప్టెంబరు 13

శవపరీక్ష రిపోర్టు వచ్చింది. సహజ మరణమట. సార్జెంట్ మిమ్స్‌ని వేరే క్యాంపుకు మార్చారు.

సెప్టెంబరు 27

అందరినీ కలిపి నేనొక్కదాన్నీ లెక్క వేసి చూసుకున్నాను. మొదటి ఎనభై మందీ బయటికి వచ్చేశారు కాబట్టి వాళ్ళ వరకు. మళ్ళీ అరెస్టయినవాళ్ళు క్యాంపు వైపు నూటికి యాభై ఒకరు, స్కూలు వైపు నలభై తొమ్మిది. అంటే తేడా ఏమీ లేదు. అన్ని పరుగులు, అన్ని దుంగలు, అన్ని బూతులు. ఏమీ లేదు.

పూర్తి చేసినవాళ్ళనే తీసుకుంటే ముప్పై మూడు. హోలిస్ ఆ అంకె కిందే ఎర్రగీత గీశాడు.

అక్టోబరు 8. శనివారం

ఒడెస్సాను చూడడానికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నన్నడక్కు. పీచ్ పళ్ళు పెట్టి కాల్చిన పై ఒకటి తీసుకువెళ్ళాను, పరామర్శకు వెళ్ళినట్టు.

మనిషి సగమైపోయింది. చర్చి పాటలవాళ్ళలో పద్దెనిమిదేళ్ళుగా ఉంది, మానేసిందట.

"ఎందుకండీ మానేశారు?"

"ఏం మొహం పెట్టుకుని పాడను? నేనేగా అడిగింది. ఆ వరండాలో మీ చెయ్యి వదిలేసి, మోకాళ్ళ మీద పడి అడిగాను. ప్రభువా, ఆకుపచ్చదే ఇవ్వు, నాకింకేమీ వద్దు అన్నాను. ఇచ్చాడు. నోరు మూసుకుని ఉంటే తెల్లది వచ్చేదేమో. ఏడాదిన్నర ఆదివారం ఆదివారం బస్సెక్కి వెళ్ళి చూసొచ్చేదాన్ని. నా పిల్లోణ్ణి నా నోటితో నేనే చంపుకున్నాను మిస్ మావిస్."

నేను పై కోస్తున్నాను. చాకు పళ్ళెం దాకా దిగి కిర్రుమంది.

అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. "అలా అనుకోకూడదండీ" అని మాత్రం అన్నాను. ఇన్నాళ్ళూ ఏమనుకున్నాను? దేవుడు తీసిన చీటీ అన్న ఓదార్పైనా ఆవిడకు మిగలనీ, అది నేనెందుకు లాక్కోవాలి అనుకున్నాను. ఓదార్పట! ఆవిడ కోసమే నోరు మూసుకున్నానని ఈ పుస్తకంలో రాయలేదు గానీ రోజూ అనుకుంటూనే ఉన్నాను.

అక్టోబరు 9

చెప్పాలి.

అక్టోబరు 22

వచ్చే వారం చెబుతాను. ఆవిడకు షిఫ్టు మారుతుందట.

నవంబరు 24

థాంక్స్‌గివింగ్ పండగ. అక్క వాళ్ళింటికి వెళ్ళాను. అక్క మొగుడు క్యాంపుల గురించి మాట్లాడాడు: "నాలుగు తగిలిస్తేనే దారిలోకి వస్తారు. మా రోజుల్లో మాకు తగల్లేదా? మీ చదువుకున్నవాళ్ళే చెడగొడుతున్నారు." టర్కీ కోడి బాగుందన్నాను.

జనవరి 10, 1995

రిపోర్టు చివరి ప్రతి నా బల్ల మీదికి వచ్చింది. పద్నాలుగో పేజీ, అడుగు నోట్ 3: 'పందొమ్మిది మంది వివిధ కారణాల వల్ల కార్యక్రమాన్ని పూర్తి చేయలేదు, విశ్లేషణలో చేర్చలేదు.' వివిధ కారణాలు. లమార్ గేథర్స్ ఒక వివిధ కారణం.

చివరి పేజీలో హోలిస్ సంతకం, దాని పక్కన నా పేరు, సంతకానికి ఖాళీ గీత. శుక్రవారంలోగా కావాలట.

జనవరి 14. శనివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను. ఒక్క మాట మార్చను.

మధ్యాహ్నం రెండింటికి వెళ్ళాను. వంటింట్లో ఫ్యాక్టరీ కోట్లు ఇస్త్రీ చేస్తోంది. కూర్చోమంది. కూర్చోలేదు.

"ఒడెస్సా గారూ, ఆ రోజు చీటీ దేవుడు తీసింది కాదు. నేను తీశాను. మీవాడికి వచ్చింది తెల్లది. పక్కవాడి ఆకుపచ్చదానితో మార్చేశాను."

ఇస్త్రీపెట్టె ఆగలేదు. జేబు మీదుగా వెళ్ళింది, కాలరు దాకా వెళ్ళింది.

"మళ్ళీ చెప్పు," అంది. అంతవరకూ 'మీరు' అనేది.

మళ్ళీ చెప్పాను. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, తీగ పీకేసింది.

"నేను అడిగాననా?"

"మీరు అడిగారని కాదు. తల్లులందరూ అడుగుతారు, నేను ఎవరికీ చెయ్యలేదు. మీరు నాకు పిల్లల్లేరని వదిలేశారు చూడండి, అందుకు. నాకూ మనసుందని చూపించుకోవాలనిపించింది. అంతే. ఏది మంచిదో నాకు తెలీదు. తెలుసనుకున్నాను."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. 

"అంటే నా ప్రార్థన కాదన్నమాట."

"కాదు."

"ఆర్నెల్లు," అంది. "ఆర్నెల్లుగా ఆయనకు ప్రార్థన చెయ్యలేదు నేను. అన్నం దగ్గర కూడా. నా కొడుకు సమాధి దగ్గర కూడా." అప్పుడు గొంతు లేచింది. "నీకంతా తెలిసి, ఆ పై పట్టుకొచ్చి, ఆ కుర్చీలోనే కూర్చుని, నేను చెప్పిందంతా విన్నావు! ఎట్టా దిగిందే ముద్ద నీకు? ఆఁ? ఎట్టా దిగింది?"



ఏడుస్తుందేమో, కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండేది. ఆ తెల్లకోటు చేతితోనే మొహం తుడుచుకుంది. ఇస్త్రీ అంతా పోయింది.

"ఎవరి బదులు?"

"అండీ?"

"మార్చేనన్నావుగా. నా బిడ్డ ఎవడి చోటికి వెళ్ళాడు?"

"పేరు కోడీ. పదిహేడేళ్ళు."

"బతికున్నాడా?"

"ఉన్నాడు. స్కూల్లో ఉన్నాడు. దెబ్బలు తిన్నాడు కానీ ఉన్నాడు."

"వాడికి తల్లుందా?"

"ఉంది. ఆ రోజు రాలేదు."

"వాడికి తెలుసా ఇది?"

"తెలీదు."

"తెలియకూడదు." వేలు చూపించి మరీ అంది. "జడ్జీకి చెప్పుకో, పేపరోళ్ళకి చెప్పుకో, ఊరంతా టముకేసుకో, నన్నడక్కు. ఆ పిల్లోడి పేరు మాత్రం నీ నోటంట రాకూడదు. నా వల్ల ఒకడు చచ్చాడు అనుకుంటూ బతకడం ఎట్టా ఉంటదో నాకు తెలుసు. పదిహేడేళ్ళోడు మొయ్యలేడు. వాడొచ్చి అడిగినా కాదని చెప్పు. ఒట్టెయ్యి."

వేశాను.

"ఇంక పో. మళ్ళీ ఈ గడప తొక్కబాక."

కారు దాకా వచ్చాక లోపల్నుంచి ఏదో వినిపించింది. ఏడుపనుకున్నాను. ప్రార్థన. నన్ను తిడుతోందో ఆయనకు క్షమాపణ చెప్పుకుంటోందో, మాటలు అందలేదు.

జనవరి 16

సంతకం పెట్టలేదు. హోలిస్‌కి చీటీల సంగతి చెప్పాను. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎవరికీ తెలీని దాన్ని ఎందుకు తవ్వుతావు?"

"తెలిసినవాళ్ళు ఇద్దరున్నారు. నేను, వాళ్ళమ్మ."

"నీ కొంప నువ్వే తగలబెట్టుకుంటున్నావు. నాదీ."

అది నిజమే. అతనికీ ఇద్దరు పిల్లలు, కాలేజీ చదువులు.

ఫిబ్రవరి 7. మంగళవారం

కమిటీ ముందు ప్రమాణం చేసి చెప్పాను. పంపిన అరవై మందినీ లెక్కలో ఉంచాలని, వాళ్ళలో ఒకడు చనిపోయాడని, మొత్తం చూస్తే క్యాంపు వల్ల ఏ మేలూ కనబడలేదని. తర్వాత, ఆ చనిపోయినవాడి చీటీ నేనే మార్చానని.

అంతసేపూ కునికిపాట్లు పడుతున్న ఛైర్మను అప్పుడు లేచి కూర్చున్నాడు.

"అమ్మా, చీటీలు వేసే పని మీదేనా?"

"అవునండీ."

"వాటిని మార్చిందీ మీరేనా?"

"ఒక్క జత మార్చానండీ. ఆ ఒక్కటే. దాన్ని తీసేసి చూసినా ఫలితం అదే..."

"ఒకటి మార్చినావిడ ఇంకెన్ని మార్చిందో మాకేం తెలుసు?" వెనకాల ఎవరో నవ్వారు. "రెండో కుర్రాడెవరు?"

"చెప్పను."

"ప్రమాణం చేశారు మీరు."

"చేశాను. చెప్పను. జైల్లో పెట్టుకోండి."

పెట్టలేదు. అంత పట్టింపు ఎవరికి? మధ్యాహ్నం ఓటింగు జరిగింది. అధ్యయనం కలుషితమైంది కనుక పక్కన పెట్టడమైనది. క్యాంపులు ఇంకో రెండు. తొమ్మిదికి రెండు ఓట్లు.

నేను నోరు మూసుకుని ఉంటే తప్పుడు లెక్కతో రెండు క్యాంపులు వచ్చేవి. నోరు విప్పితే నిజం లెక్కను చెత్తబుట్టలో పడేసి రెండు క్యాంపులు తెచ్చారు. ఆ లెక్కకు దొరికిన ఒకే ఒక్క లోపం నేను.

ఒడెస్సా ఆఖరి వరసలో కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు. వెళ్ళేటప్పుడు కూడా.

ఫిబ్రవరి 20

కాంట్రాక్టు ఏప్రిల్ నెలాఖరుతో సరి. అంతదాకా మిగిలిన ఇంటర్వ్యూలు పూర్తి చెయ్యమన్నారు. ఆ రోడ్లన్నీ తిరిగే ఓపిక ఇంకెవరికీ లేదు కాబట్టి.

మార్చి 15

ఎండ మొదలైంది.

ఏప్రిల్ 11. మంగళవారం

కోడీ స్ట్రిక్‌లండ్ వచ్చాడు. పోయిన నెల విడుదలయ్యాడు, సత్ప్రవర్తన మీద ఎనిమిది నెలలు తగ్గించారు. టైర్ల షాపులో పనిచేస్తున్నాడు. చేతులు తోముకుని వచ్చాడు గానీ గోళ్ళ నలుపు పోలేదు. నవ్వితే పైన రెండు పళ్ళు లేవు, అందుకని నవ్వడు.

నలభై ప్రశ్నలు. పదమూడో దాని దగ్గర ఆగిపోయాడు.

"మేడమ్, ఒకటడగనా? మీ ఫారంలోది కాదు."

"అడుగు."

"పేపర్లో చదివాను. మా ఓనరు టిఫిన్ చుట్టుకొచ్చిన పేపరు. ఎవరివో రెండు చీటీలు మార్చారంట కదా మీరు. ఆ చచ్చిపోయినతను నాకు గుర్తున్నాడు. ఆ రోజు నా ముందు పిలిచింది అతన్నే. వాళ్ళమ్మ స్తోత్రం అని అరిచింది. నేను ఏడ్చాను కూడా మేడమ్, లోపల్లోపల. మనకి అరిచేవాళ్ళు లేరని." గోరు కొరుక్కున్నాడు. "ఆ రెండోది నాదా?"

వాడి మొహంలోకి చూశాను. పెన్ను కింద పెట్టాను.

"కాదు," అన్నాను.

"నిజంగా?"

"నిజంగా. నీకు వచ్చింది తెల్లదే. నీ చీటీ ఎవరూ ముట్టుకోలేదు."

"ఒట్టు?"

"ఒట్టు."

వాడు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "అమ్మయ్య," అన్నాడు. "నాదే అయితే వాళ్ళమ్మని వెతుక్కుంటూ వెళ్దామనుకున్నా మేడమ్. వెళ్ళి ఏం చెప్పాలి? నాలుగు రోజులైంది, తింటే లోపలికి పోవట్లేదు. నోట్లో పెట్టుకుంటే ఉమ్మేస్తున్నా." కిందికి చూశాడు. నా బల్ల మీద సగం తిన్న బిస్కెట్ల ప్యాకెట్టు ఉంది. "అవి మీరు తింటారా?"

"లేదు. తీసుకో."

ఊడిన పళ్ళ పక్కనుంచి కొరుకుతూ మొత్తం తిన్నాడు. పొడి కూడా అరచేతిలో వేసుకుని తిన్నాడు. అయ్యేదాకా ఆగి, పద్నాలుగో ప్రశ్న అడిగాను.